తెల్లబెల్టు లెక్చరరు

18 ఆగస్టు 1999, బుధవారం

పొద్దున ఆరింటికి నల్లకళ్ళద్దాలు పెట్టుకునే మనిషికి ఇవాళ నడుం వంచి దణ్ణం పెట్టాను.

పేరు అష్ఫాక్. మాస్టర్ అష్ఫాక్ అనాలట. ముప్పై ఏళ్ళుంటాయేమో. పగలు ఆటోనగర్‌లో వాళ్ళన్న కొట్లో క్లచ్ ప్లేట్లు అమ్ముతాడు. పొద్దున్నే మునిసిపల్ హైస్కూల్ గ్రౌండ్‌లో కరాటే నేర్పుతాడు. గేటుకి కట్టిన బోర్డు మీద చేత్తో పెంకులు పగలగొడుతున్న అతని బొమ్మ. గీసిన పెయింటరు ఆ చేతికి ఆరు వేళ్ళు వేశాడు. ఇన్నేళ్ళుగా ఎవరూ లెక్క చూసుకోలేదు కాబోలు.

నన్ను చూసి పిల్లాణ్ణి చేర్పించడానికి వచ్చాననుకున్నాడు.

"బాబు ఎక్కడండీ?"

"బాబు లేడు. నేనే."

కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "ఏం చేస్తుంటారు సార్?"

"ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఇంటర్‌కి, ఎంసెట్‌కి చెబుతాను."

"నో ప్రాబ్లం సార్. జపాన్‌లో ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా చేస్తారు."

నాకు నలభై ఎనిమిది. ఈయన జపాన్ సంగతి దేవుడెరుగు, హనుమాన్ జంక్షన్ దాటి వెళ్ళాడా అని నా అనుమానం.

షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు ఒళ్ళు వంచమన్నాడు. పార్కులో వాకింగ్‌కి వెళితే పేరెంట్స్ తగులుకుంటారు. ఇక్కడైతే నన్ను ఎరిగినవాళ్ళు లేరు. అందుకే చేరాను. ఇంకో కారణం లేదు.

19 ఆగస్టు

కాళ్ళు నావి కావు.

22 ఆగస్టు, ఆదివారం

గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, అలాగే ఉండాలి. కింద గుర్రం ఉండదు. దీన్ని విద్య అంటున్నారు. నా పక్కన నిక్కర్లేసుకునే వయసు పిల్లలు తాపీగా నిలబడి ఉన్నారు. నా తొడలు ఆర్టీసీ బస్సు ఇంజన్‌లా వణుకుతున్నాయి. భూమికి గురుత్వ కేంద్రం దగ్గరైతే స్థిరత్వం ఎక్కువవుతుందని పాతికేళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్నదే. ఆ సంగతి మాస్టరుకి చెప్పాను.

"కరెక్ట్ సార్. ఇంకొంచెం కిందకి," అన్నాడు.

ఇంట్లో సుబ్బరత్నం మోకాళ్ళకి కాపడం పెడుతూ, "డాక్టరు నడవమన్నాడండీ, తన్నమనలేదు," అంది. మా ఆవిడకి వెటకారం నా దగ్గరే అంటుకుంది.

తర్వాత మెల్లగా, "అదేనా కారణం?" అంది.

ఏది అని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇది నా డైరీ, ఇంకెవరూ చదవరు. కాబట్టి ఒక్కసారి రాసేస్తాను, మళ్ళీ రాయను. జులై ఆఖరులో సీనియర్ ఇంటర్ బి సెక్షన్‌లో, క్లాసు మధ్యలో ఒక కుర్రాడు డయాస్ ఎక్కి నన్ను చెంప మీద కొట్టాడు. కంకిపాడు దగ్గర వాళ్ళకి రైస్ మిల్లు ఉంది. రిజిస్టర్‌లో గోపీనాథ్. నేను తవుడు అంటాను. చనువుకొద్దీ పెట్టిన పేరు. మార్కులు చదివేటప్పుడు "తవుడు బస్తాకి ఎంత తూగింది?" అంటే క్లాసు క్లాసంతా నవ్వుతుంది, నిద్రపోయేవాళ్ళు లేస్తారు. టీచింగ్‌లో అదొక పద్ధతి. ఆ రోజు కూడా అందరూ నవ్వారు. వాడూ నవ్వుతూనే లేచి వచ్చాడు. నవ్వుతున్నాడనే నేను కదల్లేదు.

కాలేజీ వాళ్ళు వాణ్ణి ఇంటికి పంపారు. నన్ను వారం రోజులు రెస్ట్ తీసుకోమన్నారు. తప్పు చేసినవాడికీ సెలవే, దెబ్బ తిన్నవాడికీ సెలవే.

అయిపోయింది. ఇక ఆ సంగతి రాయను.

26 ఆగస్టు

తెల్ల డ్రెస్సు వచ్చింది. పెడనలో మా బావమరిది నేయించిన ముతక గుడ్డ, అతనే కుట్టించి పంపాడు. అద్దంలో చూసుకుంటే హాస్పిటల్‌లో కాంపౌండర్‌లా ఉన్నాను. నడుముకి తెల్లబెల్టు. తెలుపంటే ఏమీ రానివాడని అర్థం. పీజీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న మనిషి నడుముకి ఏమీ రానివాడని గుడ్డ కట్టుకుని సందులో నడిచి వెళుతున్నాడు. కుక్కలు కూడా మొరగలేదు.

30 ఆగస్టు, సోమవారం

ఇవాళ జోడీలు వేశారు. నాకు జోడీ ఫౌజియా. మాస్టరు అన్నకూతురు, తొమ్మిదో తరగతి, ఆకుపచ్చ బెల్టు. రెండు జడలూ వెనక్కి కట్టేసుకుని, నవ్వన్నది లేకుండా నిలబడింది. పద్ధతి ఏమిటంటే ఆ పిల్ల నా మొహం మీదకి గుద్దు విసురుతుంది, ముక్కుకి అంగుళం దూరంలో ఆపుతుంది. నేను కదలకూడదు. కళ్ళు మూయకూడదు.

"అంకుల్, కళ్ళు మూస్తున్నారు."

మళ్ళీ విసిరింది.

"మూశారు."

మళ్ళీ.

"అంకుల్, నేనింకా కొట్టలేదు. చెయ్యి ఎత్తానంతే."

కంటి మీదకి ఏదొచ్చినా రెప్ప పడుతుంది, అది ప్రకృతి ధర్మం, మనం ఆలోచించక్కర్లేదు, రిఫ్లెక్స్ అంటారు అని వివరంగా చెప్పాను. ఆ పిల్ల చివరిదాకా మర్యాదగా విని, "సరే అంకుల్, మళ్ళీ," అంది.

మాస్టరు దూరం నుంచి ఎవరో పేరెంటుకి తన ఫొటోల ఆల్బం చూపిస్తున్నాడు.

1 సెప్టెంబరు

సుబ్బరత్నం అటక మీంచి ఇడ్లీ పాత్ర దింపడానికి చెయ్యెత్తింది. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నాను. తల పక్కకి వాల్చేశాను. పేపరు చిరిగింది.

ఆవిడ పాత్ర దింపి, తోముకోడానికి దొడ్లోకి వెళ్ళిపోయింది.

3 సెప్టెంబరు

ఇంట్లో అనౌన్స్‌మెంట్లు మొదలయ్యాయి. "డబ్బా తీస్తున్నానండీ." "దోమతెర కడుతున్నానండీ." "మీ వెనక ఉన్నానండీ." విజయవాడ స్టేషన్‌లో బండ్లొస్తున్నట్టు ముందే చెప్పి మరీ చెయ్యి ఎత్తుతోంది. ఎవరు చెప్పమన్నారు ఈవిడని? నాకేం, నేను బాగానే ఉన్నాను.

4 సెప్టెంబరు, శనివారం

రేపు ఆదివారమని టీచర్స్ డే ఇవాళే కానిచ్చారు. సీనియర్ లెక్చరర్లకి శాలువాలు. నా పేరు పిలిచారు. సీనియర్ ఎ సెక్షన్ కుర్రాళ్ళు ఇద్దరు శాలువా విప్పి, నా భుజాల మీదగా వెయ్యడానికి చేతులెత్తారు.

నేను వంగిపోయాను. దెబ్బ కాసుకునేవాడిలా మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని.

తర్వాత వెనక వరసల్లోంచి నవ్వు మొదలైంది. పాతికేళ్ళు వాళ్ళని నవ్వించినవాణ్ణి నేను, నవ్వుల్లో రకాలు నాకు తెలుసు. ఇది ఆపినా ఆగేది కాదు. శాలువా కిందపడింది. తీసి నేనే కప్పుకున్నాను. చెమ్కీ శాలువా, ఒళ్ళంతా దురద.

కాలేజీలో ఇంకో సంగతి కూడా ఉంది. నెల రోజులుగా నేను క్లాసులో "ఎనీ డౌట్స్?" అని అడగడం మానేశాను. సిలబస్ అవ్వడం లేదని పిల్లలకి చెప్పాను. డౌటు ఉన్నవాడు చెయ్యెత్తుతాడు కదా.

9 సెప్టెంబరు

వెళ్ళలేదు. వాన.

10 సెప్టెంబరు

వాన లేదు. వెళ్ళలేదు.

14 సెప్టెంబరు, మంగళవారం

నిన్న వినాయకచవితి. ఇవాళ వెళితే మాస్టరు, "సార్, రాకపోతే రాలేదని చెప్పండి, పర్లేదు. నేను కూడా రెండేళ్ళు మానేసి మళ్ళీ వచ్చాను," అన్నాడు. ఎందుకు మానేశాడో చెప్పబోయాడు. నేను వినలేదు. ఈయన కథ మొదలెడితే ఆలిండియా టోర్నమెంటూ, సెమీఫైనలూ, రిఫరీ చేసిన మోసమూ అన్నీ వరసగా వస్తాయి. ఇప్పటికి చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా అవతలివాడు ఇంకొంచెం పొడుగవుతున్నాడు.

ఫౌజియా మాత్రం వదల్లేదు. "ఇవాళ సగం మూశారు అంకుల్," అంది. సగం అంటే ఏమిటో! రెప్పలకి ప్రొట్రాక్టర్ పెట్టి కొలుస్తున్నట్టు. అయినా మా సెక్షన్లలో ఈ పిల్లలా శ్రద్ధగా చూసేవాడు ఒక్కడుంటే నేను స్టేట్ ర్యాంకు తెప్పించి ఉండేవాణ్ణి.

గుద్దు కూడా నేర్పుతున్నారు. బొటనవేలు పిడికిలి బయట ఉండాలట, లోపల పెడితే విరుగుతుంది. పిడికిలి బిగించగానే ఎవరి మొహం కనిపిస్తుందో రాయనక్కర్లేదు. రాయనన్నాను, రాయను.

24 సెప్టెంబరు, శుక్రవారం

డైరెక్టర్ గారు ఏసీ గదిలోకి పిలిచారు. కాఫీ తెప్పించారు. కాఫీ వచ్చిందంటే ఏదో మింగించబోతున్నారన్నమాట.

"మల్లేశ్వరరావు గారూ, గోపీనాథ్ వాళ్ళ నాన్నగారు వచ్చారండీ. కుర్రాడు బాగా ఫీలయ్యాడట. సోమవారం నుంచి వస్తాడు."

"ఏ సెక్షన్‌కి?"

"బి సెక్షనేనండీ. సెక్షన్ మారిస్తే మనమేదో ఒప్పుకున్నట్టవుద్ది."

"నేను చెప్పే క్లాసులో కూర్చుంటాడా?"

"మీరు పెద్దవారు. చిన్నపిల్లాడు వాడు." ఆయన కాఫీ కప్పు వైపు చూస్తూ అన్నారు. "కాస్త ఆ పేర్లు పెట్టడం మాత్రం…"

కాఫీ తాగకుండా వచ్చేశాను. తాగినా బాగుండేది, ఇంట్లో పాలు విరిగిపోయాయి.

27 సెప్టెంబరు, సోమవారం

వైరల్ ఫీవర్ అని ఫోన్ చేశాను.

28 సెప్టెంబరు

ఫీవర్.

30 సెప్టెంబరు

ఫీవర్. సుబ్బరత్నం నుదురు మీద చెయ్యేసి చూసింది, ముందుగా చెప్పే. "చల్లగా ఉందండీ," అంది. లోపల ఉంటుంది జ్వరం అన్నాను. కాలేజీకి వెళ్ళలేనంత జ్వరంతో రోజూ పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్ళి గంటసేపు తన్నులు ప్రాక్టీస్ చేస్తున్న మనిషిని చూసి ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

బి సెక్షన్ మానేసి జూనియర్ ఇంటర్‌కి మారిపోతే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. గుడివాడ బ్రాంచిలో ఖాళీ ఉందట. రోజూ బస్సులో పోయి రావచ్చు. కిటికీ పక్క సీటు దొరికితే చేలు చూసుకుంటూ వెళ్ళొచ్చు. నేను పారిపోవడం లేదు. మార్పు మంచిది.

4 అక్టోబరు, సోమవారం

ఇది వెంటనే రాయాలి.

పొద్దున మేమంతా గుర్రాల్లేని గుర్రాల మీద ఉండగా గ్రౌండ్‌లోకి లారీ వచ్చింది. దసరా ఎగ్జిబిషన్ కోసం జెయింట్ వీల్ ఇనుప ముక్కలు. సరిగ్గా మా వరసల ముందే దింపడం మొదలెట్టారు. చిన్నపిల్లలు ఇద్దరు త్రుటిలో తప్పుకున్నారు. మాస్టరు వెళ్ళాడు. మామూలుగా వెళ్ళి అడిగితే సరిపోయేది. కానీ పేరెంట్స్ చూస్తున్నారు కదా, ఛాతీ విరుచుకుని, కళ్ళద్దాలు సర్దుకుని మరీ వెళ్ళాడు.

"ఏయ్, క్లాస్ జరుగుతోంది, కనబడ్డంలా? నేనెవరో తెలుసా?"

లారీ పక్కన నిలబడ్డవాడు కాంట్రాక్టరు మనిషి. లుంగీ మడిచి కట్టి, పందుంపుల్ల నములుతున్నాడు. పుల్ల తీసి, "ఎవడ్రా నువ్వు?" అని చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు.

కళ్ళద్దాలు ఎగిరి దూరంగా పడ్డాయి. నేను ఆ చివర ఉన్నాను. అయినా నా చెయ్యి నా చెంప మీదకి వెళ్ళిపోయింది. ఫౌజియా నన్నే చూసింది. వాళ్ళ బాబాయిని చూడలేక ఇటు తిరిగినట్టుంది.

మాస్టరు నల్లబెల్టు ఏం చేస్తుందో చూద్దామని అందరూ మెడలు చాచారు. ఏమీ చెయ్యలేదు. వంగి కళ్ళద్దాలు వెతుక్కుని, ఒక అద్దం ఊడితే దాన్ని జేబులో వేసుకుని, మా వైపు చూడకుండా, "ఇవాల్టికి చాలు, వెళ్ళండి," అన్నాడు. ఒక తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని, "ఇంకెందుకు ఈ కరాటే," అని అందరికీ వినపడేలా అంది. కాంట్రాక్టరు మనిషి మళ్ళీ పుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

అదీ నల్లబెల్టు! ఇన్ని పెంకులు పగలగొట్టిన చెయ్యి! పెంకు తిరిగి కొట్టదు మరి. ఆలిండియా సెమీఫైనల్! ఇలాంటివాడికా నేను ఏడు వారాలుగా నడుం వంచింది? బోర్డు మీద ఆరో వేలు ఉండి ఏం ప్రయోజనం? సాయంత్రం దాకా నవ్వుకుంటూనే ఉన్నాను. సుబ్బరత్నానికి చెబుతూ కూడా నవ్వాను.

ఆవిడ బియ్యం ఏరుతూ, "మీరేం చేశారండీ?" అంది.

"నేనేం చేస్తాను? నాది తెల్లబెల్టు."

"పాపం, రేపు ఎలా వస్తాడో ఆ అబ్బాయి," అంది.

రాడు. ఎందుకొస్తాడు? నాకు తెలియదా? మొదటి రోజు పక్క మీంచి లేవబుద్ధి కాదు. రెండో రోజు గడ్డం గీసుకోవాలంటే అద్దం చూడబుద్ధి కాదు. తర్వాత పాలవాడు కూడా అదోలా చూస్తున్నట్టే ఉంటుంది. కొన్నాళ్ళకి బయటకి వస్తాడు, వచ్చి మీసం తిప్పుతాడు, ఏమీ జరగనట్టు. లోపల మాత్రం ఎవడు చెయ్యెత్తినా…

అతని సంగతే రాస్తున్నాను.

5 అక్టోబరు, మంగళవారం

అలారం ఆపడం మర్చిపోయాను. మెలకువ వచ్చింది కాబట్టి వెళ్ళాను. రాడని నా కళ్ళతో నేను చూసి, ఇంటికొచ్చి పడుకుందామనే వెళ్ళాను. డ్రెస్సు వేసుకోవడం అలవాటుకొద్దీ.

గ్రౌండ్‌లో సగం మేర ఇనుప ముక్కలు. మూలగా మిగిలిన జాగాలో అష్ఫాక్ నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాల్లేవు. కళ్ళద్దాలు లేకుండా అతన్ని సరిగ్గా చూడ్డం ఇదే మొదటిసారి. చాలా మామూలు మొహం. ఎడమ చెంప వాచి ఉంది. పక్కన ఫౌజియా. ఇంకెవరూ లేరు. పిల్లలు లేరు, పేరెంట్స్ లేరు. లారీ కూలీలు ముగ్గురు చక్రం మీద కూర్చుని టీ తాగుతూ, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు చూస్తున్నారు.

నేను గేటు దగ్గరే ఆగాను. అతను నన్ను చూశాడు.

"రారనుకున్నాను సార్," అన్నాడు.

"అలారం మోగింది," అన్నాను.

తర్వాత అతనే, ఎవరో అడిగినట్టు, "నేను కొడితే వాడు చచ్చిపోయేవాడు సార్. అందుకే వదిలేశా," అన్నాడు. పచ్చి అబద్ధం. బెల్టు ముడి వేసుకుంటున్నాడు, ముడి పడ్డం లేదు. ఇనుప ముక్కల మధ్య ఒక చీపురుపుల్ల మీసాల కూలీ కిసుక్కుమన్నాడు.

నాకు మంచి మాటలు తట్టవు, జీవితమంతా వెటకారం తప్ప ఇంకోటి నేర్చుకోలేదు. కనీసం వెటకారమైనా తట్టాలి కదా, అదీ తట్టలేదు. వెళ్ళి ఫౌజియా పక్కన వరసలో నిలబడ్డాను. నడుం వంచాను. ఎప్పుడూ వంచేదానికంటే కొంచెం ఎక్కువే వంగి ఉంటాను, వెన్ను ఇప్పటికీ లాగుతోంది.

అతనూ వంగాడు. లేచి, లెక్క మొదలెట్టబోయాడు. జపాన్ లెక్కలో ఒకటికి ఇచ్ అనాలి, అనబోయాడు. గొంతు పెగల్లేదు. మళ్ళీ ప్రయత్నించాడు, గాలి తప్ప రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఫౌజియా, "చాచా," అంది చిన్నగా.

మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినపడే గొంతు నాది. "ఇచ్!" అన్నాను. నా గొంతు హైస్కూల్ గోడకి తగిలి తిరిగొచ్చింది. ఫౌజియా గుద్దు విసిరింది. నేనూ విసిరాను. "నీ! సాన్! షీ!" జపాన్ భాష నా నోట్లో పెడన భాషలా వస్తుందని నాకు తెలుసు. ఎవడైనా నవ్వితే నవ్వుకోనీ. ఐదో అంకె గో అనేసరికి అష్ఫాక్ కూడా గుద్దు విసిరాడు. అతని చొక్కా చెయ్యి ఫట్మంది. ఆ చప్పుడు ఒక్కటి మాత్రం అతనికి నిజంగా వచ్చు, అది ఒప్పుకోవాలి.

గంటసేపు లెక్క నేనే చెప్పాను. కూలీలు టీ గ్లాసులు పెట్టేసి పనిలోకి వెళ్ళారు. మధ్యలో ఎప్పుడో ఫౌజియా నా మొహం మీదకి గుద్దు విసిరింది. మూశానో లేదో నాకు తెలియదు. ఆ పిల్లా చెప్పలేదు. చెప్పకపోవడం ఏమిటి? అడిగితే, "చూడలేదు అంకుల్, నేను చాచాని చూస్తున్నా," అంది.

ఇంటికొచ్చి, స్నానం చేసి, కాలేజీకి వెళ్ళాను. ఫీవర్ తగ్గిందని చెప్పాను. తొమ్మిదింటికి బి సెక్షన్.

వాడు మూడో బెంచీలో ఉన్నాడు, ఎప్పటి చోటే. కొంచెం చిక్కాడు. నేను లోపలికి రాగానే అందరూ లేచారు, వాడూ లేచాడు. అందరూ ఒకసారి నా వైపు, ఒకసారి వాడి వైపు. సినిమా మొదలవుతుందని ఎదురుచూసే మొహాలు.

పాఠం మొదలెడదామని నోరు తెరిస్తే గొంతు లేదు. పొద్దున లెక్కలకి పూర్తిగా బొంగురుపోయింది. ఏదో గీరుతున్న చప్పుడు తప్ప మాట రాలేదు. మొదటి వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. అలాగే చెప్పుకుపోయాను. నాలుగు మాటలు చెప్పేసరికి క్లాసు సద్దుమణిగింది, వినాలంటే ఊపిరి కూడా గట్టిగా తీసుకోకూడదు కదా. పాతికేళ్ళలో ఇంత నిశ్శబ్దంగా ఏ క్లాసూ నా మాట వినలేదు.

బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక నుంచి, "సార్," అని వినపడింది. ఆ గొంతు ఎవరిదో తిరక్కుండానే తెలిసింది.

తిరిగాను. చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.

"వినపడ్డంలేదు సార్."

పొగరుగా అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు అర్థం కాలేదు. వాడికీ తెలిసి ఉండదు. నా రెప్పలు పడ్డాయి, ఒకసారి కాదు, చాలాసార్లు. వాడు చూశాడు. అందరూ చూశారు.

మొదటి బెంచీ డయాస్‌కి ఆనుకుని ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు చెయ్యి చాస్తే నేను అందుతాను.

"గోపీనాథ్, పుస్తకాలు తీసుకుని ముందు బెంచీకి రా," అన్నాను.

వాడు కదల్లేదు. పక్కవాళ్ళని చూశాడు. నేను ఆగాను. చాక్‌పీసు పట్టుకుని, ముందు బెంచీలో వాళ్ళని జరగమని చెప్పి, అలాగే నిలబడి ఉన్నాను.

వచ్చాడు. తలొంచుకుని కూర్చుని పుస్తకం తెరిచాడు.

వాడికి వినపడేలా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.